కన్సోల్ కోసం ఆగొద్దు, గేమ్ కోసం ఆగండి: బెంగళూరులో గేమింగ్ ఖర్చు లెక్క

బోనస్ అకౌంట్లో పడే నెలలోనూ, దసరా సేల్స్ మొదలయ్యే వారంలోనూ మా వైట్‌ఫీల్డ్ ఆఫీసు క్యాంటీన్‌లో ఈ ప్రశ్న తప్పదు. "అన్నా, పీఎస్5 తీసుకోవచ్చా? యాభై అయిదు వేలు పెట్టొచ్చా దానికి?" పీఎస్5 అంటే సోనీ వారి ప్లేస్టేషన్ 5, టీవీకి తగిలించి గేమ్‌లు ఆడుకునే కన్సోల్. అడిగేవాళ్ళలో నెల్లూరు నుంచి వచ్చి పీజీలో ఉంటున్న కుర్రాళ్ళున్నారు, కేఆర్ పురంలో ఫ్లాట్ కొనుక్కుని ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నవాళ్ళున్నారు. అందరికీ ఒకే జవాబు కుదరదు. కానీ ఒక మాట మాత్రం అందరికీ చెబుతాను. కన్సోల్ ధర తగ్గుతుందని ఎదురుచూస్తే లాభం లేదు. గేమ్ ధర తగ్గేదాకా ఎదురుచూడకపోతే నష్టం. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. కన్సోల్ కోసం రెండేళ్ళు ఆగుతారు, అది ఇంటికొచ్చిన రోజే ఐదు వేలు పోసి కొత్త గేమ్ కొంటారు.

పాత లెక్క ఇప్పుడు పనికిరాదు

పీఎస్4 మన దేశంలో 2014 జనవరిలో 39,990 రూపాయలకి వచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి దాని స్లిమ్ మోడల్ 30 వేల లోపుకి దిగింది. అప్పుడు ఆగినవాళ్ళకి పది వేలు మిగిలాయి. ఆ అనుభవంతోనే ఇప్పటికీ "ఇంకో ఏడాది ఆగుదాం" అంటుంటారు. పీఎస్5 విషయంలో జరిగింది వేరు. 2021 ఫిబ్రవరి 2న డిస్క్ మోడల్ 49,990కీ, డిజిటల్ మోడల్ (డిస్క్ పెట్టే వీలు లేనిది, గేమ్‌లు డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే) 39,990కీ మొదలయ్యాయి. 2022 నవంబరులో రెండింటి మీదా ఐదేసి వేలు పెరిగాయి. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ వచ్చినా ఆ పెరిగిన ధరే, 54,990, 44,990, అలాగే నిలిచింది. మొదటి రోజే కొన్నవాళ్ళు చౌకగా కొన్నారు, మూడేళ్ళు ఆగినవాళ్ళు ఐదు వేలు ఎక్కువ కట్టారు. అమెరికాలోనూ ఇదే తీరు. సోనీ 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచింది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది తన కన్సోల్ ఎక్స్‌బాక్స్ ధర రెండుసార్లు పెంచింది.

ఎందుకిలా అంటే, ఒకప్పుడు కొత్త తరం ఫ్యాక్టరీ వచ్చినప్పుడల్లా అదే చిప్ తక్కువ ఖర్చులో తయారయ్యేది, ఆ లాభం కొంత మనకీ దక్కేది. ఇప్పుడు కొత్త పద్ధతిలో చిప్ తయారీకే ఖర్చు ఎక్కువ. పైగా పీఎస్5 వచ్చినప్పుడు డాలరు 73 రూపాయల దగ్గరుంది, 2025 చివరికి 90 దరిదాపుల్లోకి చేరింది. దానికి తోడు ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఊడ్చుకుపోతున్నాయి, ర్యామ్ ధర ఆకాశంలో ఉంది. ఇందులో ఏ ఒక్కటీ రేపో ఎల్లుండో మారేది కాదు.

కాబట్టి శాశ్వతంగా తగ్గే రోజు కోసం చూడకండి, సేల్ కోసం చూడండి. 2023లో సోనీ ఏడున్నర వేల దాకా తగ్గించింది. పండగ సీజన్లో ఐదు వేలు తగ్గడం మామూలే. కార్డు ఆఫర్ కలిస్తే ఇంకాస్త. వేరే దారి లేదు.

డబ్బు అసలు పోయేది గేమ్‌ల దగ్గర

సోనీ సొంత స్టూడియోల పెద్ద గేమ్ పీఎస్5కి విడుదల రోజున 4,999 రూపాయలు. 2023 అక్టోబరులో స్పైడర్‌మ్యాన్ 2 ఇదే ధరకి వచ్చింది. ఏడాదికి ఇలాంటివి మూడు కొంటే 15 వేలు. ఐదేళ్ళకి 75 వేలు. అంటే కన్సోల్ కంటే ఎక్కువ. మీరు 55 వేల దగ్గర తటపటాయిస్తున్నారు గానీ, అసలు తటపటాయించాల్సింది ఈ 75 వేల దగ్గర.

ఈ ధర ఇంకా పెరిగే సూచనలున్నాయి. 2020 దాకా అమెరికాలో పెద్ద గేమ్ 60 డాలర్లు, ఆ ఏడాది నుంచి 70 అయింది. 2025లో, స్విచ్ కన్సోల్ తయారుచేసే నింటెండో తన మారియో కార్ట్ వరల్డ్ గేమ్‌కి 80 పెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా ది ఔటర్ వరల్డ్స్ 2ని 80కి అమ్ముతామని ప్రకటించింది. జనం గట్టిగా వ్యతిరేకించడంతో మళ్ళీ 70కి దించింది. దీన్ని గుర్తుపెట్టుకోండి. కొనేవాళ్ళు ఆగితే కంపెనీ దిగుతుంది.

మొదటి రోజు కొనడంలో ఇంకో అన్యాయం ఉంది. ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళకి అరకొర సరుకు దొరుకుతుంది. సైబర్‌పంక్ 2077నే తీసుకోండి. 2020 డిసెంబరు 10న వచ్చింది. పాత కన్సోళ్ళ మీద ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, వారం తిరిగేసరికే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బులు వాపసు ఇచ్చింది. మళ్ళీ స్టోర్లో పెట్టింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చాక అది నిజంగా గొప్ప గేమ్ అయింది, అప్పటికి ధర సగానికి పడిపోయింది. ఓపిక పట్టినవాళ్ళకి మంచి గేమ్ దొరికింది, డబ్బూ మిగిలింది. ఇంత దారుణంగా అన్నిటికీ జరగదు. కానీ విడుదలైన తొలి నెలల్లో బగ్గులు, ఏడాది తర్వాత అదనపు భాగాలన్నీ కలిపి తక్కువ ధరకి ఒకే ఎడిషన్, ఈ వరస మాత్రం పదే పదే కనిపిస్తుంది.

ప్లేస్టేషన్ స్టోర్లో మే చివర్న మొదలయ్యే డేస్ ఆఫ్ ప్లే, నవంబరులో బ్లాక్ ఫ్రైడే, ఆ తర్వాత కొత్త సంవత్సరం సేల్, ఈ మూడూ చూసుకుంటే చాలు. ఫుట్‌బాల్ గేమ్‌లయితే సీజన్ సగం గడిచేసరికే సగం ధరకి వచ్చేస్తాయి. మీ స్నేహితులంతా మొదటి రోజు నుంచే ఆన్‌లైన్‌లో ఆడే గేమ్ ఉందనుకోండి, దానికి మాత్రం పూర్తి ధర పెట్టండి, తప్పులేదు. ఆరు నెలల తర్వాత ఒంటరిగా ఆడితే ఆ ఆనందం రాదు. కథ ఉన్న సింగిల్ ప్లేయర్ గేమ్‌కి ఆ తొందర అక్కర్లేదు. కథ ఎక్కడికీ పోదు.

ఇంకోటి. ఐదు వేల గేమే గొప్ప గేమ్ అనుకోవద్దు. 2025లో గేమ్ ఆఫ్ ది ఇయర్ అవార్డు పట్టుకుపోయిన క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 అమెరికాలో 50 డాలర్లకే వచ్చింది. హాలో నైట్: సిల్క్‌సాంగ్ 20 డాలర్లు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని ఆడుకునే ఇట్ టేక్స్ టూకి 2021లో అదే అవార్డు వచ్చింది, ఇప్పుడది సేల్‌లో తరచూ చౌకగా దొరుకుతుంది. ఆటలంటే అస్సలు పడని మనిషిని కూడా సోఫా మీద కూర్చోబెట్టే గేమ్ అది. పీఎస్5 లోపల ఆస్ట్రోస్ ప్లేరూమ్ ఉచితంగానే వస్తుంది. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్, ఈఫుట్‌బాల్ లాంటి ఉచిత గేమ్‌లకి, ఆన్‌లైన్ ఆడటానికి సోనీకి కట్టే పీఎస్ ప్లస్ చందా కూడా అక్కర్లేదు.

డిస్క్ మోడలే ఎందుకంటే

డిజిటల్ మోడల్ చౌక కదా అని అడుగుతారు. 2024లో స్లిమ్ వచ్చినప్పుడు తేడా పది వేలు. ఈ పది వేలు రెండు గేమ్‌ల్లో కాకపోయినా ఐదారు గేమ్‌ల్లో వెనక్కి వచ్చేస్తుంది, అదీ బెంగళూరు లాంటి ఊళ్ళో అయితే ఇంకా తొందరగా.

మారతహళ్ళి, బెల్లందూరు, హెచ్ఎస్ఆర్ చుట్టుపక్కల డిస్కులు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, మార్చుకునేవాళ్ళు బోలెడంతమంది. సగం మంది మనవాళ్ళే. కొత్త గేమ్ 4,999కి కొని నెలలో ముగించి 3,500కి అమ్మారనుకోండి, మీకు పడింది 1,500. ఏడాది ఆగి అదే డిస్క్ సెకండ్ హ్యాండ్‌లో 2,000కి కొని, ఆడేసి, 1,700కి ఇచ్చేశారనుకోండి, 300తో పెద్ద గేమ్ అయిపోయింది. డిజిటల్‌లో ఈ దారి పూర్తిగా మూసుకుపోతుంది. కొన్నది అమ్మలేరు, తమ్ముడికి ఇవ్వలేరు, ఊరికి వెళ్ళేటప్పుడు పక్క ఫ్లాట్ వాళ్ళ అబ్బాయికి అప్పివ్వలేరు.

డిస్క్ కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. కవర్ తెరిచి, డిస్క్‌ని అంచులు పట్టుకుని వెనక్కి తిప్పండి. ఫోన్ టార్చ్ వేసి మెల్లగా అటూ ఇటూ వంచితే వెలుగు డిస్క్ మీద పాకుతుంది. మధ్యలోంచి అంచుకి సన్నటి గీతలుంటే ఫర్వాలేదు, ఈ డిస్కుల మీద గట్టి పూత ఉంటుంది, తట్టుకుంటుంది. డిస్క్ చుట్టూ వలయంలా తిరిగిన గీత ఉంటే, గోరు పెడితే తెలిసేంత లోతుంటే, వదిలేయండి. కవర్ మీద ఏ దేశం ముద్రో కూడా చూడండి. బయటి దేశం డిస్క్ మన కన్సోల్‌లో నడుస్తుంది గానీ, తర్వాత మీ ఇండియా అకౌంట్‌తో కొనే అదనపు భాగాలు దానికి అతకవు. కొన్ని డబ్బాల్లో అసలు డిస్కే ఉండదు, కోడ్ ఉన్న కాగితం ఒకటే ఉంటుంది. ఒకరు వాడేసిన కోడ్ మీకెందుకూ పనికిరాదు.

డిస్క్ ఉన్నంత మాత్రాన అంతా మన చేతిలోనే ఉందని కూడా అనుకోకండి. యూబీసాఫ్ట్ వారి ది క్రూ అనే కార్ల గేమ్ ఎప్పుడూ సర్వర్‌కి కనెక్ట్ అయి ఉండాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు, డిస్క్ కొన్నవాళ్ళూ ఆడలేకపోయారు. ఇంటర్నెట్ లేకుండా నడవని గేమ్‌కి పూర్తి ధర పెట్టేముందు ఈ సంగతి ఆలోచించండి.

ఎక్స్‌బాక్స్, క్లుప్తంగా

2020 నవంబరులో వచ్చినప్పుడు ఎక్స్‌బాక్స్ చిన్న మోడల్ సిరీస్ ఎస్ 34,990కి మంచి బేరం. గేమ్ పాస్ చందా కడితే వందలాది గేమ్‌లు. అప్పట్లో నన్నడిగినవాళ్ళకి సంతోషంగా అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను. 2025 అక్టోబరులో గేమ్ పాస్ అల్టిమేట్ మన దేశంలో నెలకి 829 నుంచి 1,389కి పెరిగింది. ఆ లెక్కన ఏడాదికి 16 వేల పైమాటే. పైగా ఎక్స్‌బాక్స్‌లో మాత్రమే దొరుకుతాయనుకున్న ఫోర్జా హొరైజన్ 5, గేర్స్ ఆఫ్ వార్ 2025లోనే పీఎస్5కి వచ్చేశాయి. సిరీస్ ఎస్‌కి డిస్క్ డ్రైవే లేదు, 512 జీబీ స్టోరేజీలో వాడుకోవడానికి మిగిలేది 364 జీబీ, అందులో పెద్ద గేమ్‌లు మూడు పడితే గొప్ప. మీ దగ్గర పాత ఎక్స్‌బాక్స్ డిస్కులు అటక మీద చాలా ఉంటే డిస్క్ డ్రైవున్న పెద్ద మోడల్ సిరీస్ ఎక్స్ ఆలోచించండి, వాటిలో చాలావరకు నడుస్తాయి. లేకపోతే వద్దు.

పీసీ అయితే?

ఇంట్లో ఇప్పటికే మంచి గ్రాఫిక్స్ కార్డున్న పీసీ ఉంటే కన్సోల్ జోలికి వెళ్ళకండి. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ధరలు మన రూపాయల్లో, చాలావాటికి మన దేశానికని తగ్గించి పెడతారు. యూపీఐతో కట్టొచ్చు. రెండు గంటల్లోపు ఆడి నచ్చకపోతే 14 రోజుల్లో డబ్బు వాపసు అడగొచ్చు. ఆన్‌లైన్ ఆడటానికి వేరే చందా లేదు. క్రికెట్ అంటే ప్రాణమున్నవాళ్ళు ఈఏ క్రికెట్ 07 అనే పాత గేమ్‌ని మాడ్‌లు (అభిమానులు తయారుచేసిన మార్పులు) వేసుకుని ఇప్పటికీ ఆడుతున్నారంటే అది పీసీ గొప్పతనమే. సోనీ గేమ్‌లు కూడా చాలావరకు ఒకటి రెండేళ్ళకి పీసీకి వచ్చాయి.

కొత్తగా కట్టించుకోవాలంటే మాత్రం కథ వేరు. ఎస్‌పీ రోడ్‌లో పది షాపులు తిరిగి బేరమాడినా, పీఎస్5తో సమానంగా ఆడించే పీసీ 55 వేలకి రాదు. ఒక మాదిరి గ్రాఫిక్స్ కార్డుకే 30 వేల దరిదాపు అవుతుంది. ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు పెరిగాక ఆ బిల్లు ఇంకా బరువెక్కింది. ఇంజినీరింగ్ చదివే పిల్లలకి ఎలాగూ ల్యాప్‌టాప్ కొనాలి కాబట్టి దానికే ఇంకో పాతిక వేలు కలిపి గ్రాఫిక్స్ కార్డున్నది కొనడం తెలివైన పని, చదువుకీ ఆటకీ ఒకటే సరిపోతుంది. ఉద్యోగస్థులకి ఆ వాదన చెల్లదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఎలాగూ గేమ్ వేయనివ్వరు, పొద్దుగూకులూ కూర్చున్న కుర్చీలోనే రాత్రి కూడా కూర్చోవడం నడుముకి మంచిది కాదు. సోఫాలో వెనక్కి వాలి ఆడటం అనేదానికి నా దృష్టిలో చాలా విలువ ఉంది.

చిన్నపిల్లలున్న ఇల్లు

పదేళ్ళలోపు పిల్లలకి నింటెండో స్విచ్‌ని మించింది లేదు. కానీ నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు. మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరికేవన్నీ బయటినుంచి తెచ్చినవే. వారంటీ అంటే ఆ షాపాయన మాటే. 2025 జూన్ 5న స్విచ్ 2 అమెరికాలో 450 డాలర్లకి వచ్చింది, ఇక్కడికొచ్చేసరికి ఎంతంటారో ఆ రోజు గిరాకీని బట్టి ఉంటుంది. నేను ముందు చెప్పిన "గేమ్ కోసం ఆగండి" సూత్రం కూడా ఇక్కడ పనిచేయదు, నింటెండో తన గేమ్‌ల ధర దాదాపు తగ్గించదు. అమెరికాలో అక్కో బావో ఉంటే, సెలవులకి వచ్చేటప్పుడు తెమ్మనడమే మంచి దారి.

పిల్లలు పదో తరగతి, ఇంటర్‌లో ఉంటే పరీక్షలయ్యేదాకా ఆగండి. పీఎస్5లో రోజుకి ఎంతసేపు ఆడాలో తల్లిదండ్రులు ఫోన్ నుంచే పరిమితి పెట్టొచ్చు, అది బాగానే పనిచేస్తుంది. కానీ ఇంట్లో రోజూ గొడవ పెట్టే వస్తువు ఎంత చౌకైనా ఖరీదైనదే. గేమ్ కవర్ మీద వయసు అంకె చూడండి, 18 అని ఉన్నది పన్నెండేళ్ళ వాడికి కొనిచ్చే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

కొనకూడనివాళ్ళు

పీజీలో ముగ్గురు కలిసి ఒక గదిలో ఉంటూ, టీవీ లేక, ఆరు నెలలకోసారి గది మారేవాళ్ళు కన్సోల్ కొనొద్దు. తమ్ముళ్ళకి ఇదే చెబుతాను. కోరమంగళలోనో హెచ్ఎస్ఆర్‌లోనో గేమింగ్ కేఫ్‌కి శనివారం నలుగురూ కలిసి వెళ్ళండి. నెలకి రెండుసార్లు వెళ్ళినా ఏడాది ఖర్చు కన్సోల్ ధరలో చిన్న భాగం. వారాంతానికి కన్సోల్ అద్దెకిచ్చేవాళ్ళూ ఈ ఊళ్ళో ఉన్నారు. కొనేముందు ఒకసారి అద్దెకి తెచ్చుకుని రెండు రోజులు ఆడి చూడండి. ఆదివారం మధ్యాహ్నానికే బోర్ కొట్టిందంటే 55 వేలు మిగిలినట్టే.

ఈఎంఐ పెడితేనే కొనగలం అనుకునేవాళ్ళు కూడా ఆగండి. ఎందుకంటే 55 వేలతో ఖర్చు ఆగదు. రెండో కంట్రోలర్ ఆరు వేల దరిదాపు. పీఎస్ ప్లస్ ఎసెన్షియల్ 2023 సెప్టెంబరు పెంపు తర్వాత ఏడాదికి నాలుగు వేల దగ్గరకొచ్చింది, ఆన్‌లైన్ ఆడాలంటేనే అది కట్టండి. కరెంటు గురించి భయం వద్దు. సుమారు 200 వాట్లు, రోజుకి రెండు గంటలంటే నెలకి 12 యూనిట్లు. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో ఉన్న ఇళ్ళవాళ్ళు మాత్రం తమ పరిమితికి ఎంత దగ్గరలో ఉన్నారో చూసుకోండి, అది దాటితే లెక్క మారుతుంది. వానాకాలంలో మన ఏరియాల్లో కరెంటు పోయి వచ్చే తీరు తెలిసిందే, ఇన్వర్టరో చిన్న యూపీఎస్సో లేకుండా కన్సోల్ పెట్టొద్దు. 4కే టీవీ లేదని వెంటనే కొత్త టీవీ కొనక్కర్లేదు, ఉన్న టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసుకుంటే చాలావరకు సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ పీఎస్5

అమెరికా వెళ్ళిపోతున్నామనీ, పెళ్ళయిందనీ ఈ ఊళ్ళో కన్సోల్ అమ్మేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. బిల్లుండి, వాళ్ళింట్లోనే టీవీకి పెట్టి చూపించేవాళ్ళ దగ్గరైతే నిశ్చింతగా కొనొచ్చు. పార్కింగ్‌లో డబ్బా చేతిలో పెట్టి యూపీఐ చేయమనేవాళ్ళ దగ్గర వద్దు. డిస్క్ ఒకటి మీతో తీసుకెళ్ళండి. లోపల పెట్టి, బరువైన గేమ్ అరగంట నడవనివ్వండి. ఫ్యాన్ శబ్దం సన్నగా ఒకే స్థాయిలో ఉండాలి, గరగర వినబడకూడదు. వెనక చెయ్యి పెడితే వేడి గాలి ధారాళంగా రావాలి. డిస్క్ బయటికి రప్పించి మళ్ళీ పెట్టండి. కంట్రోలర్ చేతిలోంచి వదిలేసి, తెర మీద బొమ్మ దానంతటది పక్కకి జరుగుతోందేమో చూడండి, జరిగితే స్టిక్ అరిగిపోయినట్టే, కొత్త కంట్రోలర్ ఖర్చు బేరంలో తగ్గించమనండి. హెచ్‌డీఎంఐ పోర్టు కదులుతోందేమో వేలితో తాకి చూడండి. చివరగా, వాళ్ళ అకౌంట్ తీయించి మీ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, ఆన్‌లైన్‌లోకి వెళ్ళగలిగాకే డబ్బు పంపండి. నిషేధం పడిన కన్సోల్ అయితే అక్కడే బయటపడుతుంది.

ఇక జీటీఏ 6

ఈ మధ్య అడిగేవాళ్ళలో సగంమంది గ్రాండ్ థెఫ్ట్ ఆటో సిరీస్‌లో రాబోయే ఈ గేమ్ కోసమే అడుగుతున్నారు. ప్రకటించిన తేదీ 2026 నవంబరు 19, పీఎస్5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ. పీసీకి ఎప్పుడన్నది ప్రకటనలో లేదు. జీటీఏ 5 కన్సోళ్ళకి 2013లో వస్తే పీసీకి 2015లో వచ్చింది. అందుకే పీసీ ఉన్నవాళ్ళు కూడా ఇప్పుడు పీఎస్5 వైపు చూస్తున్నారు. ఈ ఒక్క గేమ్ కోసం అయినా సరే కొనాల్సిందే అని మీరు నిర్ణయించుకుని ఉంటే, విడుదల వారం దాకా ఆగకండి. అప్పుడు షాపుల్లో సరుకుండదు, ఉన్నదాని మీద డిస్కౌంటు ఉండదు. అంతకు ముందు వచ్చే ఏదో ఒక సేల్‌లో డిస్క్ మోడల్ తీసుకోండి. ఈలోపు పాత మంచి గేమ్‌లు సెకండ్ హ్యాండ్ డిస్కుల్లో ఒకటొకటిగా ఆడుతూ ఉండండి. గాడ్ ఆఫ్ వార్, ఘోస్ట్ ఆఫ్ సుషిమా, విచర్ 3, ఈ మూడూ ముగించేసరికే నెలలు గడిచిపోతాయి. పీఎస్4 డిస్కులు కూడా దాదాపు అన్నీ నడుస్తాయి కాబట్టి వాటి కోసం కూడా వెతకండి, అవి ఇంకా చౌక.